ఓడలూ బండ్లూ

"అడగందే అమ్మయినా పెట్టదు" అన్నారు పెద్దలు. పెట్టే చెయ్యి కన్నతల్లిదే అయినా అడిగే నోరు లేకపోతే కంచం ఖాళీగానే వుంటుందని దాని భావం. మరి సర్కారు అమ్మ కాదు కదా! అది మహా అయితే దూరపు చుట్టం లాంటిది. ఎన్నికల పండక్కి మన గడప తొక్కుతుంది, పెట్టుపోతల సంగతి వచ్చేసరికి తీరిక లేదంటుంది. అలాంటి చుట్టాన్ని నిలబెట్టి అడగాలంటే ఒక మనిషి కావాలి, ఒక చోటు కావాలి, ఒక వేళ కావాలి. ఆ మనిషిని ప్రతిపక్షం అంటున్నాం. ఆ చోటుని చట్టసభ అంటున్నాం. ఆ వేళని ప్రశ్నోత్తరాల సమయం అంటున్నాం.

వీటి గురించి నాలుగు ముక్కలు చెప్పుకుందామంటే నాకు మా వరంగల్ జిల్లాకి మించిన ఉదాహరణ కనపడలేదు. సొంతవూరి మమకారం కొద్దీ అంటున్నానని అనుకోకండి. సర్కారుని అడిగినవాడూ, సర్కారు తరఫున జవాబు చెప్పినవాడూ ఇద్దరూ ఒక్క జిల్లా మట్టిలోంచే వచ్చి, ఒకే సభలో ఎదురెదురుగా కూచోవడం, అంతకుముందూ ఆ తర్వాతా ఆ బెంచీలు తారుమారు కావడం - ఈ చోద్యం మా దగ్గర జరిగినట్టు ఇంకోచోట జరిగిందా అని నాకు అనుమానమే. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు చూశారూ, ఆ సామెత మా హనుమకొండ చౌరస్తాలో నిలబడి చెప్పినట్టుంటుంది.

ముందు ఆ ప్రశ్నల గంట సంగతి కాస్త చెప్పుకుందాం. లోక్‌సభ కూర్చున్న రోజున మొదటి గంట, అంటే పదకొండు నుంచి పన్నెండు దాకా, సభ్యులు అడగాలి, మంత్రులు చెప్పాలి. ప్రశ్న పక్కన నక్షత్రం గుర్తు పెడితే మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. గుర్తు లేకపోతే కాగితం మీద రాసిన జవాబు వస్తుంది. నక్షత్రం ప్రశ్నలు రోజుకి ఇరవై మాత్రమే జాబితాలోకి ఎక్కుతాయి. అందులోనూ గంట గడిచేసరికి నోటి జవాబు దక్కేవి కొన్నే. ప్రశ్న చాలా రోజుల ముందే రాసి ఇస్తారు కనక మొదటి జవాబు ఆఫీసులో తయారై వస్తుంది. మంత్రిగారు చదివేస్తారు. అసలు రుచి ఆ తర్వాత అడిగే అనుబంధ ప్రశ్నలో వుంది.

పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అంటే మధ్యవర్తి గడగడా అప్పజెబుతాడు. వెనకాల చాప మీద కూచున్న అమ్మాయి బామ్మ "వచ్చిన జీతంలో ఇంట్లో ఎంత ఇస్తాడమ్మా?" అంటుంది. అది అనుబంధ ప్రశ్న. దానికి మధ్యవర్తి దగ్గర కాగితం వుండదు. మంచి ప్రతిపక్ష సభ్యుడికీ ఆ బామ్మకీ ఆట్టే తేడా లేదు. ఇద్దరికీ సంబంధం చెడగొట్టాలని వుండదు, పిల్ల నష్టపోకూడదని వుంటుంది.

ఈ అడిగే హక్కు మన దేశానికి ఎప్పుడు వచ్చిందని చూస్తే ఒక తమాషా విషయం తెలుస్తుంది. ఇంగ్లీషువాళ్ల కాలంలో 1892లో చేసిన చట్టం వల్ల శాసన మండలిలో సభ్యులకి ప్రశ్నలు అడిగే వీలు కలిగింది. మరుసటేడు, 1893 ఫిబ్రవరి 16న, భింగా రాజా గారు మొట్టమొదటి ప్రశ్న అడిగారు. ఏం అడిగారనుకున్నారు? సరిహద్దుల సంగతా? సైన్యం ఖర్చా? కాదు. సర్కారు అధికారులు గ్రామాల మీద పర్యటనకి వచ్చినప్పుడు వాళ్లకీ వాళ్ల పరివారానికీ సరుకులు అందించలేక పల్లెటూరి దుకాణదార్లు పడుతున్న అవస్థల సంగతి ఏమిటని అడిగారు. ఈ దేశంలో ప్రభుత్వాన్ని నిలబెట్టి అడిగిన తొలి ప్రశ్న ఒక పల్లెటూరి కోమటి కొట్టు గురించి!

ఇది చదివినప్పుడు నాకు మా జిల్లా పల్లెలే కళ్లముందు కదిలాయి. ఎందుకంటే ఆ ప్రశ్నలో వున్నది మా తెలంగాణా వెట్టిచాకిరీ. దౌరా మీద అధికారి వచ్చాడంటే కుమ్మరి కుండలు తేవాలి, చాకలి నీళ్లు మొయ్యాలి, కోమటి బియ్యం, పప్పు, నెయ్యి తూచి ఇవ్వాలి. పైకం అడగకూడదు. 1893లో కలకత్తాలో ఈ సంగతి ఒక రాజా గారు అడగగలిగారు. నిజాం ఏలుబడిలో వున్న వరంగల్ సుబాలో మాత్రం దాన్ని అడగడానికి జనం ఎన్నుకున్న మనిషే లేడు. సభలో అడగడానికి దారి లేనప్పుడు జనం ఊళ్లో అడిగారు. ముందు అర్జీలు పెట్టారు, తర్వాత సంఘాలు పెట్టారు, చివరికి బందూకులు పట్టారు.

ఇక విదేశాంగ విధానం సంగతి. పత్తి బస్తాల వూరికి విదేశాల గోల ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ 1948 సెప్టెంబరు దాకా మాకు విదేశం అంటే పొరుగు జిల్లాయే. ఇటు బెజవాడ, అటు చాందా వెళ్లాలంటే సంస్థానం సరిహద్దు దాటాలి. హనుమకొండలో చదువుకుంటున్న పాములపర్తి వెంకట నరసింహారావు అనే కుర్రవాడు 1938లో వందేమాతరం ఉద్యమంలో చేరి ఇక్కడ చదువు పోగొట్టుకున్నాడు. సరిహద్దు దాటి నాగపూర్ పోయి చదువుకున్నాడు. తర్వాత సంస్థానం మీద పోరాటంలో చాందా శిబిరంలో పనిచేశాడు. చివరికి ఆ 1948 సెప్టెంబరులోనే హైదరాబాదు వ్యవహారం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుకి వెళ్లింది. అక్కడ మాటలు పూర్తయ్యేలోపే ఇక్కడ పోలీసు చర్య పూర్తయిపోయింది. అంటే మా జిల్లా ఒకప్పుడు తానే ఒక విదేశాంగ సమస్య అన్నమాట!

మొదటి సాధారణ ఎన్నికలు 1952లో వచ్చాయి. కమ్యూనిస్టు పార్టీ మీద హైదరాబాదు రాష్ట్రంలో నిషేధం వుంది కనక ఆ పార్టీ వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. వరంగల్ లోక్‌సభ స్థానానికి ఫ్రంట్ తరఫున పెండ్యాల రాఘవరావు, కాంగ్రెసు తరఫున కాళోజీ నారాయణరావు. ఇద్దరూ నిజాంని ఎదిరించినవాళ్లే. ఇద్దరికీ జనంలో పేరుంది. కాడెద్దుల గుర్తు దేశమంతా దున్నేస్తున్న రోజులవి. అయినా ఇక్కడ కాళోజీ ఓడిపోయారు. తేడా నాలుగువేల ఓట్లు కూడా లేదు. రాఘవరావు గారు అంతటితో ఆగలేదు. అదే ఎన్నికల్లో హనుమకొండ, వర్ధన్నపేట శాసనసభ స్థానాలు కూడా గెలిచారు. మూడు గెలిచిన మనిషి రెండు వదులుకుని ఢిల్లీ వెళ్లారు. పక్కనున్న నల్లగొండలో రావి నారాయణరెడ్డి గారికి జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయన్నది అందరికీ తెలిసిన కథే.

అదే ఎన్నికల్లో కరీంనగర్ నుంచి లోక్‌సభకి నిలబడి ఓడిపోయిన కాంగ్రెసు అభ్యర్థి ఎవరో తెలుసునా? ఇందాక చెప్పిన వందేమాతరం కుర్రవాడే. అప్పటికాయన సదాశివరావు గారితో కలిసి వరంగల్‌లో 'కాకతీయ పత్రిక' నడుపుతున్నారు. ఇద్దరూ కలిసి జయ-విజయ అన్న పేరుతో రాసేవారు. పి.వి. నరసింహారావు రాజకీయ జీవితంలో మొదటి పాఠం, ప్రతిపక్షం చేతిలో ఓటమి.

ఫ్రంట్ వాళ్లు ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ ఏమడిగేవారు? భూమి ఎవరిదని అడిగేవారు. 1950లో హైదరాబాదు రాష్ట్రంలో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అనే పేరు కాగితం మీద పుట్టింది. కాగితం మీద రక్షణ వున్నవాణ్ణి పొలం మీద నుంచి ఎలా గెంటుతున్నారని వాళ్ల ప్రశ్న. దానికి తోడు ఆ 1952లోనే మా వరంగల్‌లో ముల్కీ ఆందోళన రాజుకుంది. బయటివాళ్లకి ఉద్యోగాలు ఇచ్చి మా పిల్లలకి ఎందుకివ్వరని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ ఆందోళన హైదరాబాదు పాకి సెప్టెంబరులో కాల్పుల దాకా వెళ్లింది. భూమి, ఉద్యోగం - ఈ రెండు ప్రశ్నలూ పెట్టెలో పెట్టి తాళం వేసినా మళ్లీ మళ్లీ బయటికి వస్తూనే వున్నాయి.

ఇరవై ఏళ్లు గడిచాయి. జవాబు చెప్పే వంతు ఎవరికి వచ్చిందంటారు? పి.వి. గారికే. 1957 నుంచి మంథని శాసనసభ్యుడిగా వుంటూ మంత్రి అయి, 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. 1952లో తనని ఓడించిన ప్రతిపక్షం అడిగిన భూమి ప్రశ్నకి ఆయన 1972లో భూపరిమితి ఆర్డినెన్సు రూపంలో జవాబు చెప్పబోయారు. భూములున్న పెద్దలకి అది రుచించలేదు. ఆ అక్టోబరులోనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 జనవరిలో ఆయన పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. భూపరిమితి చట్టం 1973లో అయింది కానీ దాన్ని నడిపించడానికి ఆయన కుర్చీలో లేరు. పాత ప్రశ్నకి జవాబు చెప్పడం అడిగినంత సుళువు కాదని ఆయనకి తెలిసొచ్చింది.

ఆ తర్వాత అత్యవసర పరిస్థితి వచ్చింది. 1975 జూలై సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంటనే ఎత్తేశారు. ఇంట్లో అన్నం తినొచ్చు కానీ అడిగి తినకూడదన్నట్టు! దానికి జవాబు 1977లో ఉత్తరదేశం చెప్పింది, ఇందిరాగాంధీని కూడా ఓడించింది. మన ఆంధ్రప్రదేశ్ మాత్రం నలభైరెండు స్థానాల్లో నలభైఒకటి కాంగ్రెసుకే ఇచ్చింది. జనతా పక్షాన గెలిచింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారొక్కరే. దాంతో ఏమయింది? గెలిచిన నలభైఒక్క మందీ ఢిల్లీ వెళ్లి ప్రతిపక్షంలో కూచున్నారు. అందులో హనుమకొండ నుంచి తొలిసారి లోక్‌సభకి వెళ్లిన పి.వి. ఒకరు. ఏళ్ల తరబడి రాష్ట్రంలో ఏదో ఒక హోదాలో జవాబులు చెప్పి చెప్పి అలసిన మనిషికి అడిగే బెంచీ దొరికింది.

అడిగేవాడికి మన పార్లమెంటులో ఒక గట్టి కుర్చీ వుంది. పబ్లిక్ అకౌంట్స్ కమిటీ అధ్యక్ష పదవి. సర్కారు పెట్టిన ఖర్చుల మీద ఆడిటర్ జనరల్ ఇచ్చిన నివేదికలు ముందు వేసుకుని, శాఖల కార్యదర్శులను పిలిపించి, ఈ రూపాయి ఎక్కడికి పోయిందయ్యా అని అడిగే కమిటీ అది. 1967 నుంచి ఆ కుర్చీని ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 1978-79లో ఆ కుర్చీలో కూచున్నది హనుమకొండ సభ్యుడు పి.వి. గారే. ఆ పనిలో నినాదాలుండవు, చప్పట్లుండవు. పద్దులు చదవాలి, చదివింది గుర్తు పెట్టుకోవాలి. ఆయన తీరుకి అతికినట్టు సరిపోయే పని.

అప్పుడు విదేశాంగ మంత్రి అటల్ బిహారీ వాజపేయి. అంతకుముందు ఇరవై ఏళ్లు ప్రతిపక్షంలో నిలబడి నెహ్రూనీ ఇందిరనీ విదేశాంగం మీద నిలదీసిన మనిషి. ఇప్పుడాయన జవాబు చెప్పాలి. 1979 ఫిబ్రవరిలో చైనా వెళ్లారు. 1962 యుద్ధం తర్వాత అంత పెద్ద హోదాలో అక్కడికి వెళ్లిన మొదటి భారతీయుడాయనే. ఆయన ఇంకా అక్కడ వుండగానే చైనా సైన్యం వియత్నాం మీద పడింది. పర్యటన మధ్యలో ఆపి తిరిగి వచ్చేశారు. ఇక్కడ ప్రతిపక్షం వూరుకుంటుందా? వెళ్లడం ఎందుకు, అవమానం పడటం ఎందుకని ప్రశ్నలు. ఎన్నో ఏళ్లు ఆయన అవతలివాళ్లని అడిగిన ధోరణే!

ఏడాది తిరిగేసరికి చక్రం మళ్లీ తిరిగింది. 1980 జనవరి 14న ఇందిరాగాంధీ తిరిగి ప్రధాని అయ్యారు. హనుమకొండ నుంచి మళ్లీ గెలిచిన పి.వి. గారికి విదేశాంగ శాఖ వచ్చింది. అప్పటికి సరిగ్గా మూడువారాల క్రితం సోవియట్ సైన్యం అఫ్గానిస్థాన్‌లో దిగింది. ఐక్యరాజ్యసమితిలో మన మాట, రష్యాని నొప్పించని మాట, కొత్త మంత్రి కుర్చీ ఎక్కకముందే నమోదైపోయింది. దాన్ని సమర్థించే బరువు ఆయన మీద పడింది. ఎదురు బెంచీ మీద వాజపేయి. పేర్లు అవే, ప్రశ్నల రకమూ అదే, కూచునే చోట్లు మాత్రం మారాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. చైనా యాత్ర మీద అన్ని ప్రశ్నలు ఎదుర్కొన్న వాజపేయి వేసిన అడుగును పి.వి. గారు వెనక్కి తీసుకోలేదు. 1981 జూన్‌లో చైనా విదేశాంగ మంత్రి హువాంగ్ హువా ఢిల్లీ వచ్చారు. ఆ డిసెంబరులో సరిహద్దు చర్చలు మొదలయ్యాయి. 1993లో ప్రధానిగా పి.వి. స్వయంగా బీజింగ్ వెళ్లినప్పుడు సరిహద్దులో శాంతికి ఒప్పందం కుదిరింది. ప్రతిపక్షంలో వున్నప్పుడు చేసిన విమర్శ వేరు, దేశం పని వేరు అనే తెలివిడి ఇద్దరికీ వుంది. మన వూళ్లో పంచాయితీ ప్రెసిడెంట్లు పాతవాడు తవ్వించిన బావిలో నీళ్లు తాగమని భీష్మించుకోవడం చూసినవాళ్లకి ఇది చిన్న విషయంగా తోచదు.

ఇక 1984. అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. డిసెంబరు ఎన్నికల్లో కాంగ్రెసుకి నాలుగువందల పైచిలుకు స్థానాలు. గ్వాలియర్‌లో వాజపేయి ఓడిపోయారు. భారతీయ జనతా పార్టీకి దేశం మొత్తం మీద దక్కినవి రెండే రెండు. ఒకటి గుజరాత్‌లో మెహసానా, ఎ.కె. పటేల్. రెండోది మా హనుమకొండ, చందుపట్ల జంగారెడ్డి. ఓడింది ఎవరు? పి.వి. నరసింహారావు. తేడా 54 వేల ఓట్లు.

జంగారెడ్డి గారు పరకాల మనిషి. 1935లో పుట్టారు. 1967లో జనసంఘం తరఫున పరకాల నుంచి శాసనసభకి వెళ్లారు. 1978లోనూ 1983లోనూ శాయంపేట నుంచి గెలిచారు. మొదటిసారి దీపం గుర్తు, తర్వాత జనతా, ఆ తర్వాత కమలం. పార్టీ పేరు మారినా మనిషి ఎక్కువకాలం కూచున్నది ప్రతిపక్షంలోనే. 1984లో ఎన్.టి. రామారావు గాలి రాష్ట్రంలో హోరుమని వీస్తోంది, తెలుగుదేశం ఆయనకి మద్దతిచ్చింది. ప్రపంచ నాయకులతో కరచాలనాలు చేసి, అలీన దేశాల మహాసభ నడిపించి, ఎన్నో భాషలు మాట్లాడే మంత్రిగారిని శాయంపేట ఎమ్మెల్యే ఓడించాడంటే ఢిల్లీలో వాళ్లకి నోట మాట రాలేదు. మా దగ్గర మాత్రం అరుగుల మీద కూచున్నవాళ్లకి ఆశ్చర్యం లేదు. "ఆయన పెద్దమనిషే, కాదనెవరన్నరు? మావూరికి ఎన్నిమాట్ల వచ్చిండు?" అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. ఎంత పెద్ద విదేశాంగ విధానమైనా ఆ అనుబంధ ప్రశ్న దగ్గర తడబడుతుంది.

పక్కనున్న వరంగల్ స్థానంలో తెలుగుదేశం తరఫున డాక్టర్ టి. కల్పనాదేవి గెలిచారు. అంటే ఆ అయిదేళ్లూ జంట నగరాల్లాంటి మా రెండూళ్లూ అడిగే బెంచీ మీదే వున్నాయి. తెలుగుదేశం ముప్ఫై స్థానాలతో లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమయింది. ఒక ప్రాంతీయ పార్టీకి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అయినా సభలో పదోవంతు బలం లేదు కనక ప్రతిపక్ష నాయకుడనే అధికార హోదా ఎవరికీ రాలేదు.

ఓడిన పి.వి. గారు సభలో లేకుండా పోయారా? లేదు. ముందుచూపుతో మహారాష్ట్రలో రాంటెక్ నుంచి కూడా నిలబడ్డారు, అక్కడ గెలిచారు. కనక ఆ ఎనిమిదో లోక్‌సభలో దృశ్యం ఇలా వుంది: మంత్రుల బెంచీ మీద హనుమకొండలో ఓడిన మనిషి, ఎదురుగా హనుమకొండలో ఆయన్ని ఓడించిన మనిషి. ఒకరి వెనక నాలుగువందల మంది, ఇంకొకరి పార్టీకి ఇద్దరు. కుటుంబ నియంత్రణ నినాదాన్ని వాడుకుని "మేమిద్దరం, మాకిద్దరు" అని ఆ పార్టీని ఎగతాళి చేసినవాళ్లున్నారు. కానీ సభా నిబంధనల్లో ఒక గొప్పతనం వుంది. నక్షత్రం ప్రశ్నకి చీటీ వేస్తే నాలుగువందల పార్టీవాడి చీటీ, ఇద్దరి పార్టీవాడి చీటీ ఒకే పరిమాణంలో వుంటాయి.

ఆ అయిదేళ్లలో అడగాల్సినవి తక్కువేం కాదు. 1985లో షాబానో తీర్పు, 1986లో ముస్లిం మహిళల చట్టం. విడాకులిచ్చిన భార్యకి మనోవర్తి ఎవరివ్వాలన్న ఇంటి సమస్య దేశమంతటి సమస్య అయింది. 1986లో కొత్త విద్యావిధానం. అది తెచ్చింది మానవ వనరుల మంత్రిగా వున్న పి.వి. గారే. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టించిన అనుభవం నవోదయ విద్యాలయాలకి పునాది. జిల్లాకి ఒక మంచి బడి పెడితే మిగతా బళ్ల సంగతేమిటని అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్నకి ఇవాళ్టికీ పూర్తి జవాబు లేదు. ఆ బళ్లలో చదివి పైకొచ్చిన పల్లెటూరి పిల్లలూ వేలల్లో వున్నారు. 1987లో శ్రీలంక ఒప్పందం, మన సైన్యం అక్కడికి వెళ్లడం. 1988లో పి.వి. మళ్లీ విదేశాంగ మంత్రి అయ్యేనాటికి, ఎందుకు వెళ్లాం, ఎప్పుడు తిరిగొస్తాం అన్నది ప్రతి సభలోనూ వినిపించిన ప్రశ్న. ఆ సైన్యం పూర్తిగా తిరిగి వచ్చింది 1990లో, ఇంకో ప్రభుత్వం వచ్చాక.

పి.వి. 1991 జూన్‌లో ప్రధాని అయ్యారు. అప్పటికి పార్లమెంటు సభ్యుడు కూడా కాదు. ఆ నవంబరులో నంద్యాల వుపఎన్నికలో నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడని రామారావు గారు అభ్యర్థిని పెట్టలేదు. అదీ ప్రతిపక్షం చేసే పనే - ఎక్కడ అడగాలో తెలిసినట్టే ఎక్కడ ఆగాలో తెలియడం. 1992 జనవరిలో ఇజ్రాయిల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నారు. అది ఎవరు అడిగిన సంగతి? జనసంఘం రోజుల నుంచి ప్రతిపక్షం అడుగుతూ వచ్చినదే. అడిగినవాళ్ల చేతుల్లో అధికారం వున్నప్పుడు కానిది, కాదన్నవాళ్ల పార్టీ ప్రధాని చేతుల మీదుగా అయింది.

అన్నిటికీ మించిన ముచ్చట 1994ది. కాశ్మీరు విషయంలో మనమీద పాకిస్తాన్ జెనీవాలో, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘంలో తీర్మానం పెట్టింది. నెగ్గితే దేశానికి తలవంపులు. మన ప్రతినిధి బృందానికి నాయకుడిగా ప్రధాని ఎవరిని పంపారు? లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు వాజపేయిని. విదేశాంగ సహాయమంత్రి సల్మాన్ ఖుర్షీద్ ఆ బృందంలో సభ్యుడు, ఫరూఖ్ అబ్దుల్లా ఇంకొకరు. మంత్రి కింద, ప్రతిపక్ష నాయకుడు పైన! తెరవెనక ఎన్నో మంతనాలు జరిగాక పాకిస్తాన్ ఓటింగుకి పట్టుబట్టకుండా తీర్మానం వెనక్కి తీసుకుంది. పదేళ్ల క్రితం ఏ పార్టీ మనిషి తనని సొంతగడ్డ మీద ఓడించాడో ఆ పార్టీ నాయకుడికే దేశం పరువు అప్పజెప్పడం మాటలు కాదు. ఇన్నాళ్లూ నన్ను అడిగావు కదా, ఇప్పుడు నా తరఫున నువ్వు చెప్పు అన్నట్టు.

ఇదంతా విని పి.వి. హయాంలో అడగాల్సినవేవీ లేవని అనుకోవద్దు. అదే 1994 ఏప్రిల్‌లో మొరాకోలో ప్రపంచ వాణిజ్య ఒప్పందం మీద మన సంతకం పడింది. వామపక్షాలూ ఇతర ప్రతిపక్షాలూ, రేపు మా రైతు విత్తనం సంగతేమిటి, పంట ధర సంగతేమిటి అని అడిగాయి. విదేశీ వ్యవహారం కదా, పల్లెటూళ్లకేం పట్టింది అనుకున్నవాళ్లు 1997-98లో మా జిల్లాకి వచ్చి చూడాల్సింది. పత్తి చేలమీద పురుగు పడింది. కొట్టిన మందు పురుగుని చంపలేదు. అప్పు తీరే దారి లేక పత్తి రైతులు అదే మందు తాగారు. కారణాలు ఒకటి కాదు - వానలు, కల్తీ మందులు, వడ్డీ వ్యాపారి, చతికిలబడ్డ ధర. వాటిలో ఏది ఢిల్లీది, ఏది మొరాకోది అని విడదీసి చెప్పడం కష్టం. ఒకటి మాత్రం చెప్పగలను. ఎనుమాముల మార్కెట్‌లో తూకం వేసే బస్తా మీద విదేశాంగ విధానం బరువు కూడా వుంటుంది. దాన్ని పార్లమెంటులో అడిగే మనిషి లేకపోతే ఆ బరువు రైతు వీపు మీదే మిగిలిపోతుంది.

ఓడిపోయిన కాళోజీ సంగతి మధ్యలో వదిలేశాను. 1952లో ఓడినా ఆయన అడగడం మానలేదు. రెండేళ్లపాటు శాసన మండలిలో వున్నారు. 1978లో అత్యవసర పరిస్థితికి నిరసనగా సత్తుపల్లి వెళ్లి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదే పోటీ చేశారు. ఓడిపోతారని ఆయనకీ తెలుసు, ఊరికీ తెలుసు. గెలవడానికి కాదు, అడగడానికి నిలబడ్డారు. పి.వి. ప్రధానిగా వున్న 1992లో ఆయనకి పద్మవిభూషణ్ వచ్చింది. బిరుదు వచ్చినంత మాత్రాన ఆయన నోరు మూతపడలేదు. బెంచీ లేని ప్రతిపక్షం అలాంటివాళ్లది.

పెండ్యాల రాఘవరావు గారు 1987లో వెళ్లిపోయారు. కాళోజీ 2002లో, పి.వి. 2004లో. జంగారెడ్డి గారు 2022 ఫిబ్రవరిలో కన్నుమూశారు. హనుమకొండ లోక్‌సభ స్థానం కూడా 2009 ఎన్నికల నాటికి పునర్విభజనలో మాయమైపోయింది. ఇవాళ పిల్లలకి ఆ పేరుతో ఒక స్థానం వుండేదని చెబితే విచిత్రంగా చూస్తారు. ఓడించినవారూ ఓడినవారూ పోయారు, ఓడిన చోటూ పోయింది.

పోకూడనిది ఒకటుంది. 2020 సెప్టెంబరులో కరోనా పేరు మీద పార్లమెంటులో మళ్లీ ఒకసారి ప్రశ్నోత్తరాల గంట తీసేసినప్పుడు, రోగం రోజుల్లో ఆ గంట పోతే ఏం పోయిందిలే అన్నవాళ్లని నేనెరుగుదును. అప్పుడున్న ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే అనడం లేదు. 1975లో తీసినవాళ్లు 2020లో గగ్గోలు పెట్టారు, 1975లో గగ్గోలు పెట్టినవాళ్ల వారసులు 2020లో తీశారు. ఆ గంట అధికార పక్షానిదీ కాదు, ప్రతిపక్షానిదీ కాదు. భింగా రాజా గారు అడిగిన ఆ పల్లెటూరి దుకాణదారుది. తూచి ఇచ్చిన బియ్యానికి డబ్బులెప్పుడిస్తారని అతను అడగలేడు కనక, అతని బదులు ఎవరో ఒకరు లేచి నిలబడాలి.

కనక ఈసారి ఎన్నికల్లో మీ వీధికి వచ్చిన అభ్యర్థిని, గెలిస్తే ఏం చేస్తావని అందరూ అడుగుతారు, మీరూ అడగండి. దానితోపాటు ఒక అనుబంధ ప్రశ్న కూడా వెయ్యండి: "అవతలి బెంచీ మీద కూచోవలసి వస్తే ఏం అడుగుతావయ్యా?" కాగితం చూడకుండా దానికి జవాబు చెప్పినవాడికి మీ ఓటు వెయ్యొచ్చని నా అభిప్రాయం.